అరిగిన లోహం ఎక్కడికీ పోదు



మేము లోహం కరిగించేవాళ్లం, వెల్డింగు చేసేవాళ్లం, వాల్వులు విప్పి బిగించేవాళ్లం. రేడియేషన్ డోసు మీటరు చూసి "ఇక చాలు, బయటికి రండి" అని కేక వేసేవాళ్లు మాలో ఉన్నారు. లోహశాస్త్రం చదువుతూ ఇంకా చివరి పరీక్ష రాయని పిల్లలూ ఉన్నారు. మా ఉద్యమానికి ఇప్పటికి పేరు లేదు. పేరు కన్నా ముందు ఒక ప్రశ్న పుట్టింది. అరిగినది ఎటు పోతుంది?

బండి ఇరుసు అరిగితే కందెన పూస్తాం. నాగటి కర్రు అరిగితే కమ్మరి కొలిమికి తీసుకుపోతాం. చెప్పు అరిగితే పారేస్తాం. రాలిన పొడి మట్టిలో కలుస్తుంది, దాన్ని వెతికేవారు ఉండరు. అణు విద్యుత్ కేంద్రంలో ఆ నిశ్చింత చెల్లదు. రియాక్టరు గుండె గుండా తిరిగే నీటిది మూసిన వలయం. అందులో రాలిన రజనుకు కలవడానికి మట్టి లేదు. అది నీటితోపాటు గుండెలోకి వెళ్తుంది, న్యూట్రాన్ల తాకిడికి స్వభావం మార్చుకుంటుంది, మళ్లీ బయటికి వచ్చి ఏదో గొట్టం వంపులో పేరుకుంటుంది. అక్కడ మరమ్మతుకు రాబోయే మనిషి కోసం కాచుకుని ఉంటుంది.

పాత పద్ధతి లోహాన్ని ఒకే మాట అడిగింది: నువ్వెంత గట్టి? గట్టిగా ఉన్నదాన్ని తెచ్చి వాల్వు సీటు మీద రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పరిచి, పని అయిపోయిందనుకుంది. ఆ పద్ధతికి కాలం చెల్లింది. దాని తప్పులు ఏకరువు పెట్టే ఓపిక మాకు లేదు, దాని తర్వాత రావలసినదాన్ని చెప్పే తొందర ఉంది. మా విశ్వాసాలు ఎనిమిది. వాటిని మీ ముందు పెడుతున్నాం.

1. అరిగిన లోహం ఎక్కడికీ పోదు.

ప్రకృతిలో దొరికే కోబాల్ట్ అంతా ఒకే ఐసోటోపు, కోబాల్ట్-59. అది ఒక న్యూట్రాన్‌ను మింగి కోబాల్ట్-60 అవుతుంది. ఆ కొత్త రూపం అర్ధాయువు 5.27 ఏళ్లు. క్షీణించేటప్పుడు 1.17, 1.33 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండింటిని విడుస్తుంది. గొట్టం గోడ వాటిని పూర్తిగా ఆపలేదు. పదిన్నర ఏళ్లు గడిచినా అందులో పావువంతు మిగిలే ఉంటుంది. ఇవాళ కోబాల్ట్ ఉన్న వాల్వు సీటు నుంచి రాలిన పొడి, ఇప్పుడు పదో తరగతి చదువుతున్న కుర్రవాడు ఫిట్టరుగా చేరిన రోజున అతని మీటరులో కనిపిస్తుంది. ఒక తరం ఎంచుకున్న లోహం ఇంకో తరం ఒంటి మీద లెక్కకు వస్తుందని ఇంతకన్నా సూటిగా చెప్పే సాక్ష్యం మాకు తెలియదు.

2. ప్రతి లోహానికీ ఒక స్థానం ఉంది. స్థానం తప్పినప్పుడే అది దోషి అవుతుంది.

1907లో అమెరికాలో ఎల్వుడ్ హేన్స్ కోబాల్ట్-క్రోమియం మిశ్రమానికి పేటెంటు పొందాడు. లాటిన్‌లో నక్షత్రమని అర్థమిచ్చే మాట నుంచి దానికి స్టెల్లైట్ అని పేరు వచ్చింది. పాత పద్ధతి వాల్వు సీటు మీద పరిచింది దాన్నే. పేరుకు తగ్గ లోహమే. వేడెక్కినా దాని బిగువు సడలదు. ఒత్తిడి పడినకొద్దీ పైపొరలో స్ఫటికాల అమరిక మారి ఇంకా గట్టిపడుతుంది. నూనె, గ్రీజు వేయడానికి వీల్లేని చోట కూడా రెండు ముఖాలు పట్టేయకుండా జారతాయి. ఆ గుణానికి మేము దణ్ణం పెడతాం. మొదటి విశ్వాసంలో చెప్పిన కోబాల్ట్-60నే భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన భాభాట్రాన్ యంత్రంలో క్యాన్సర్ కణితి మీదికి గురిపెడతారు. మన భారజల రియాక్టర్లలోనే కోబాల్ట్ కడ్డీలు ఉంచి దాన్ని తయారు చేస్తారు. లెక్క రాసి, సీసపు గూటిలో పెట్టి, తాళం వేసిన కోబాల్ట్ వైద్యమవుతుంది. లెక్క లేకుండా గొట్టం వంపులో పేరుకున్న కోబాల్ట్ డోసవుతుంది. లోహం అదే, స్థానం వేరు. రియాక్టరు నీరు తిరిగే వలయంలో, అరిగే ముఖం మీద, దానికి స్థానం లేదని మేము ప్రకటిస్తున్నాం.

3. నిర్దోషి మూలకం లేదు. ఎంచుకునే వివేకం ఉంది.

కోబాల్ట్ తీసేసి నికెల్ పెడితే పాపం తీరిపోదు. నికెల్ నుంచి కోబాల్ట్-58 పుడుతుంది, దాని అర్ధాయువు 71 రోజులు. ఇనుము నుంచి మాంగనీస్-54 పుడుతుంది, 312 రోజులు. పంపు బేరింగుల గ్రాఫైటులో యాంటిమొనీ ఉంటే యాంటిమొనీ-124 పుడుతుంది, 60 రోజులు. స్టెయిన్‌లెస్ స్టీలులో సైతం నికెల్ వెంట చొరబడిన కోబాల్ట్ జాడ ఉంటుంది. గోడలు విశాలం కాబట్టి ఆ జాడ కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే "కోబాల్ట్ రహితం" అనే చీటీ అంటించి నిద్రపోయే ఉద్యమం మాది కాదు. మేము ప్రతి మిశ్రలోహానికీ ఒక జాతకం రాయాలంటాం. ఎంత అరుగుతుంది, అరిగి ఏ నీటిలో పడుతుంది, న్యూట్రాన్ సోకితే ఏమవుతుంది, ఎన్నాళ్లు మండుతుంది, ఎవరి దారిలో పేరుకుంటుంది? ఈ ఐదు జవాబులూ లేని లోహం ఎంత మెరిసినా మాకు అపరిచితమే.

4. దారి ఇదివరకే పడింది. నడవడమే తరువాయి.

జర్మనీ 1980లలో కట్టిన కాన్‌వాయ్ తరగతి రియాక్టర్లలో స్టెల్లైట్‌ను వీలైనంత మేరకు తప్పించారు. అంతకు ముందరి కేంద్రాలతో పోలిస్తే అక్కడి కార్మికుల డోసు బాగా తగ్గింది. అమెరికాలో విద్యుత్ పరిశోధన సంస్థ ఎప్రి ఇనుము ఆధారంగా నోరెమ్ అనే గట్టి పూతను తయారు చేయించింది. కల్పాక్కంలోని ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరుకు పూత ఎంచుకునేటప్పుడు, కోబాల్ట్ మోసుకొచ్చే రేడియోధార్మికతను లెక్కగట్టి, నికెల్ ఆధారమైన కాల్మొనాయ్ వైపు మొగ్గింది. ఆ ఎంపిక విలువ తెలియాలంటే ఆ రియాక్టరు లోపలి పరిస్థితి తెలియాలి. అక్కడ శీతలకం ద్రవ సోడియం. గుండె పైన దాని వేడి 550 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా ఉంటుంది. లోహం ఒంటి మీద ఉండే పలుచని ఆక్సైడు పొరను సోడియం కడిగేస్తుంది. పొర పోయిన రెండు ఉక్కు ముఖాలు ఒత్తుకుంటే అతుక్కుపోతాయి. అతుక్కోకుండా నిలిపేది పైనున్న ఆ గట్టి పూతే.

దారిలో ముళ్లు లేవని మేము చెప్పం. కాల్మొనాయ్ పెళుసు. స్టెయిన్‌లెస్ స్టీలు మీద పరిచి చల్లార్చేటప్పుడు రెండూ ఒకేలా కుంచించుకోవు, పూత పగులుతుంది. ముందుగా బాగా వేడి చేయాలి, తాపీగా చల్లార్చాలి. కింది ఉక్కు ఎక్కువగా కరిగి పూతలో కలిస్తే గట్టిదనం పలచబడుతుంది. అందుకే కలయికను అదుపులో ఉంచే ప్లాస్మా ట్రాన్స్‌ఫర్డ్ ఆర్క్ పద్ధతిని ఆశ్రయించారు. నోరెమ్‌ది ఇంకో సంగతి. మామూలు వేడిలో స్టెల్లైట్‌తో భుజం కలిపి నడిచే ఆ లోహం, వేడి రెండు వందల డిగ్రీల దరికి చేరేసరికి పట్టేసే గుణం చూపిందని పరీక్షలు చెప్పాయి. ఈ లోపాలను మేము దాచం. లోపం తెలిసిన లోహం మీద పని చేయవచ్చు. లోపం దాచిన లోహం మీద ప్రాణం పెట్టలేం.

5. అరుగుదల ఒక లోహం సొంత గుణం కాదు, ఇద్దరి మధ్య వ్యవహారం.

1953లో ఆర్చర్డ్ రాసిన సూత్రం చిన్నది: అరుగుదల బరువుతో, జారిన దూరంతో పెరుగుతుంది, గట్టిదనంతో తగ్గుతుంది. ఆ మూడింటిలో గట్టిదనం ఒక్కటే లోహం చేతిలో ఉంది. మిగతా రెండూ డిజైను చేతిలో ఉన్నాయి. కాలిఫోర్నియాలోని సాన్ ఒనోఫ్రే కేంద్రం ఈ పాఠానికి తన ప్రాణమే ఇచ్చింది. అక్కడ కొత్తగా మార్చిన స్టీమ్ జనరేటర్లలో ఒక్కొక్కదానిలో పది వేలకు దగ్గరగా గొట్టాలు. వాటి లోహం అల్లాయ్ 690, తుప్పును ఎదిరించడంలో పేరు మోసినది. 2012 జనవరి 31న ఒక గొట్టం కారింది. విప్పి చూస్తే ఆవిరి వేగానికి గొట్టాలు ఊగి పట్టులనూ, ఒకదాన్నొకటీ రాసుకున్న గుర్తులు వేల చోట్ల కనిపించాయి. 2013 జూన్‌లో ఆ కేంద్రాన్ని శాశ్వతంగా మూసేస్తున్నట్టు ప్రకటించారు. అక్కడ లోహం తప్పు చేయలేదు, ఊగకుండా పట్టుకునే ఏర్పాటు చాలలేదు. అందుకే మా ఉద్యమంలో లోహశాస్త్రజ్ఞుడి పక్కనే కంపనం లెక్కించేవాడు కూర్చుంటాడు. మంచి పిల్లను చూసి సంబంధం కుదర్చడం కాదు, ఇద్దరి జాతకాలూ కలిపి చూడడం మా రివాజు.

6. పారే నీరు కూడా ఆకురాయే.

2004 ఆగస్టు 9న జపాన్‌లో మిహామా మూడో యూనిట్‌లో ఒక గొట్టం పగిలింది. రియాక్టరు గుండెకు దూరంగా, టర్బైను వైపున ఉన్న మామూలు కార్బన్ ఉక్కు గొట్టం అది. మొదట 10 మిల్లీమీటర్లున్న దాని గోడ ఎంతో పలచబడిపోయింది. 1976లో ఆ యూనిట్ మొదలైన నాటి నుంచి ఆ చోటును ఎవరూ కొలిచి చూడలేదు. మరుగుతున్న నీరు, ఆవిరి మీద పడి ఐదుగురు కార్మికులు చనిపోయారు. అందులో రేడియోధార్మికత పాత్ర లేదు. నీళ్లు, వేగం, ఇరవై ఎనిమిదేళ్ల నిర్లక్ష్యం చాలాయి. వేగంగా పారే వేడి నీరు ఉక్కు మీది రక్షణ పొరను కరిగిస్తూ పోతే గోడ తరుగుతుంది. ఉక్కులో ఒకటి రెండు శాతం క్రోమియం ఉంటే ఆ తరుగు చాలావరకు ఆగుతుంది. చిటికెడు క్రోమియం, గోడ మందం కొలిచే ఒక చిన్న పరికరం, తప్పనిసరిగా కొలిచే అలవాటు. ఈ మూడింటి ఖరీదు ఐదు ప్రాణాల ముందు ఎంత? "అణు భాగం" అనీ "మామూలు భాగం" అనీ గీసిన గీతను మేము చెరిపేస్తున్నాం. మనిషి నిలబడే ప్రతి చోటూ మాకు గుండెకాయే.

7. డోసు లోహం ధరలో భాగం.

మన దేశంలో రేడియేషన్ మధ్య పనిచేసే కార్మికుడికి ఐదేళ్లలో 100 మిల్లీసీవర్టులు పరిమితి. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. ఈ హద్దును దాటకపోవడమే గొప్ప అనుకునే చోట ఆలోచన ఆగిపోతుంది. హద్దు గోడ లాంటిది. గోడకు ఆనుకుని నడవాలని ఎవరూ రూలు పెట్టలేదు. వాల్వు కొనేటప్పుడు బిల్లులో లోహం ధర ఉంటుంది, వెల్డింగు కూలి ఉంటుంది, రవాణా ఉంటుంది. ఆ వాల్వు అరవై ఏళ్లలో ఎందరి ఒంటికి ఎంత డోసు అంటగడుతుందో ఆ బిల్లులో లేదు. ఆ వరుసను మేము చేర్పిస్తాం. డిజైను బల్ల దగ్గర ఒక కుర్చీ వాల్వు విప్పే ఫిట్టరుకు వేయిస్తాం. సీటు ఎక్కడ పట్టేస్తుందో, ఏ నట్టు దగ్గర ఎంతసేపు వంగి ఉండాలో, ఏ వంపు దగ్గర మీటరు గోల చేస్తుందో అతనికి తెలిసినంతగా ఏ కంప్యూటరుకూ తెలియదు.

8. ఈ విద్య మనకు పరాయిది కాదు.

నిజామాబాద్ వైపు కోనసముద్రం మూసల్లో పుట్టిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇంత దూరం వచ్చేవారు. ప్రపంచం "వూట్జ్" అని పిలిచిన మాటకు మూలం మన "ఉక్కు" అన్న మాటేనని పండితులు చెబుతారు. ఆ ఉక్కులో ఒకటిన్నర శాతం దాకా కార్బన్ ఉండేది. మెత్తని తల్లి లోహంలో గట్టి కార్బైడు గింజలు వరుస తీరి ఉండడమే దాని బలం. స్టెల్లైట్‌దీ, నోరెమ్‌దీ అదే సూత్రం: పట్టి ఉంచే మెత్తదనం ఒకటి, ఎదురు నిలిచే గట్టిదనం ఒకటి. మన మూసల్లో తెలిసిన సంగతిని వాళ్లు కొత్త మూలకాలతో మళ్లీ చెప్పారు. ఇవాళ హైదరాబాద్‌లో 1971 నుంచి అణు ఇంధన సముదాయం ఉంది. 1973లో మొదలైన, మిశ్రలోహాలు చేసే మిధాని ఉంది. పొడి లోహాలతో పూతలు వేసే ఏఆర్‌సీఐ ఉంది. భారజల రియాక్టరుకు వెళ్లే అర మీటరు ఇంధన కట్టలో కడ్డీలు ఒకదాన్నొకటి రాసుకోకుండా మధ్యలో అతికే చిన్న జిర్కలాయ్ దిమ్మలను మన ఊళ్లోనే అతుకుతున్నారు. ఆ దిమ్మ గోరంత ఉంటుంది. అరుగుదల శాస్త్రం మొత్తం ఆ గోరంతలో ఉంది.

మేము చూస్తున్న రేపు

2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు అని దేశం లక్ష్యం చెప్పుకుంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ సముద్రపు ఒడ్డు పేరు కూడా ఆ లెక్కల్లో ఉంది. ఎక్కడ కట్టాలి, కట్టాలా వద్దా అన్న వాదం ఆ నేల మీద బతికే ప్రజలది. ఆ హక్కును మేము లాక్కోం. కట్టిన ప్రతి చోటా ఏ లోహం పెట్టారు, అది అరిగి ఏమవుతుంది అని అడిగే హక్కు మాత్రం అందరిదీ. ఆ ప్రశ్న తెలుగులో అడగగలిగే రోజును మేము చూస్తున్నాం.

ఆ రోజున రియాక్టరును ఆపి తలుపు తెరిచినప్పుడు పంపు గదిలోకి వెళ్లే మనిషి గడియారం వంక చూడడు. పక్కన నిలబడి నిమిషాలు లెక్కపెట్టేవాడు ఉండడు. సగం బిగించిన నట్టును ఇంకొకరికి అప్పగించి పరుగెత్తే పని ఉండదు. ఫిట్టరు తాపీగా సీటును వెలుతురులో తిప్పి చూస్తాడు, గీత ఉంటే గీతను చదువుతాడు, తన నోటు పుస్తకంలో రాసుకుంటాడు. తొందర లేని చేయి చేసే పని బాగుంటుంది. బాగా చేసిన పని మళ్లీ త్వరగా విప్పనవసరం లేదు. విప్పనవసరం లేనప్పుడు డోసు ఇంకా తగ్గుతుంది. మంచి లోహం మొదలుపెట్టిన ఈ చక్రం చెడు చక్రానికి అచ్చంగా తలకిందులు.

ఆ రోజున ప్రతి వాల్వుకూ ఒక పుట్టుచరిత్ర ఉంటుంది. పూత ఎవరు వేశారు, ముందు ఎంత వేడి చేశారు, ఎంతసేపు చల్లార్చారు, ఏ ఏడాది ఎంత తరిగింది, అంతా అందులో ఉంటుంది. కేంద్రాలు తమ విజయాలతోపాటు పగుళ్లను కూడా ఒకరికొకరు చూపించుకుంటాయి. ఒకచోట పగిలిన పూత ఇంకో పది చోట్ల పగలకుండా కాపాడుతుంది. కొత్త మిశ్రమాన్ని గది వేడిలో రుద్ది మెచ్చుకోవడం ఉండదు. అది బతకబోయే నీటిలో, అది భరించబోయే వేడిలో, అది ఒత్తుకోబోయే జతతోనే రుద్ది చూస్తారు. ఐటీఐలో చేరిన అమ్మాయి ప్లాస్మా టార్చి పట్టి పూత పరుస్తుంటే, తన చేతి నిలకడ ఇంకో ఊళ్లో ఎవరి డోసును తగ్గిస్తుందో ఆమెకు తెలిసి ఉంటుంది.

ఇంకా దూరం చూస్తే, కేంద్రం ఆయువు తీరి దాన్ని విప్పే రోజు కనిపిస్తుంది. ఆ పని చేసేవాళ్లు ఇంకా పుట్టలేదు. గొట్టాలు కోసే రంపం పట్టుకుని వాళ్లు లోపలికి వెళ్లినప్పుడు గోడల మీద మన నిర్లక్ష్యం పేరుకుని ఉండకూడదు. వాళ్లకు మనం ఇవ్వగల ఆస్తి అదే.

మేము చేయబోయేది

అరుగుదల మాటలకు తెలుగులో ఒక నిఘంటువు కూర్చుతాం. అది పుస్తకాల్లోంచి కాదు, వర్క్‌షాపుల్లోంచి వస్తుంది. పట్టేయడం, రాసుకోవడం, కొరుక్కుపోవడం, నీటి కోత అనే మాటలకు వేర్వేరు అర్థాలున్నాయని కొత్తగా చేరినవాడికి మొదటి రోజే తెలియాలి. కళాశాలల్లో విరిగిన, అరిగిన భాగాలను అద్దాల బీరువాల్లో పెట్టిస్తాం. వాడని నమూనా కన్నా వాడి అరిగిన ముక్క ఎక్కువ నేర్పుతుంది. కొనుగోలు పత్రాల్లో కోబాల్ట్ హద్దు అంకె ఉందో లేదో అడుగుతాం. సమాధానం వచ్చేదాకా అడుగుతూనే ఉంటాం. ఈ పనికి మాకు జెండా అక్కర్లేదు. ఒక మీటరు, ఒక భూతద్దం, సిగ్గుపడకుండా అడిగే నోరు ఉంటే చాలు.

మీ నుంచి కోరేది కూడా ఎక్కువ కాదు. మీరు ఏ వర్క్‌షాపులో ఉన్నా, ఏ తరగతి గదిలో ఉన్నా, మీ చేతికి వచ్చిన అరిగిన ముక్కను పారేయకండి. దాన్ని వేలితో తడమండి. ఎక్కడ తరిగిందో చూడండి. తరిగినది ఏ నీటిలో పడి, ఏ వంపులో ఆగి, ఎవరి కోసం కాచుకుని ఉందో ఆలోచించండి. జవాబు తెలిస్తే మాకు చెప్పండి. తెలియకపోతే వచ్చి మాతోపాటు వెతకండి.

ఆ వంపు దగ్గరికి రేపు వచ్చే కుర్రవాడు ఇవాళ బడికి వెళ్తున్నాడు. అతను వచ్చేలోగా గొట్టం శుభ్రం చేసి పెట్టాలి.